కారు మనమే కొంటామనే అపోహ

కారు షోరూముల వాళ్లను తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ఈ లోకంలో మన మేలు కోరేవాళ్లు ఇద్దరే. ఒకరు కన్నతల్లి, రెండోవాడు మెడకు టై కట్టుకున్న సేల్స్‌మన్. కన్నతల్లి అయినా అప్పుడప్పుడు విసుక్కుంటుంది. సంతకం పెట్టేదాకా సేల్స్‌మన్ విసుక్కోవడం ఎవరైనా చూశారా?

తప్పంతా మన అపోహలదే. మనకేం కావాలో మనకు తెలుసని ఒక పిచ్చి నమ్మకంతో అక్కడికి వెళ్తాం. తెలిస్తే వెళ్లడం ఎందుకు?

మా బావ సంగతే చూడండి. తపాలా ఆఫీసులో పనిచేసే నెమ్మదస్తుడు. వాళ్లమ్మగారికి, అంటే మా అక్క అత్తగారికి, మోకాళ్లు అరిగిపోయాయి. బస్సు ఎక్కలేరు. ఊరికి ఆ చివర ఉన్న తోడబుట్టిన అక్కను ఒక్కసారి చూసి రావాలన్నదే ఆవిడ కోరిక. అందుకని బావ కారు కొందామనుకుని తల్లిని, మా అక్కను, సలహాలకని నన్ను వెంటబెట్టుకుని షోరూముకు బయల్దేరాడు.

"అమ్మ ఎక్కడానికి వీలుగా చిన్నది చూపించండి" అన్నాడు.

సేల్స్‌మన్ జాలిగా చూశాడు. "చిన్నదా? మీ పర్సనాలిటీకా సార్?"

బావకు పర్సనాలిటీ ఉందని ఒకరు అనడం అదే మొదటిసారి. పెళ్లయిన ఇన్నేళ్లలో మా అక్క ఆ మాటే ఎత్తలేదు! ఆయన ఛాతీ విరుచుకున్నాడు. చిన్న కార్ల వైపు మళ్లీ కన్నెత్తి చూస్తే ఒట్టు, నేరుగా అన్నిటికన్నా ఎత్తైన కారు దగ్గరికి నడిచాడు.

బేరంలో మనం గెలవలేమన్నది ఇంకో అపోహ. ఎందుకు గెలవం? వాళ్లే గెలిపిస్తారు! మా తరఫున పోట్లాడటానికి సేల్స్‌మన్ అద్దాల గదిలోని మేనేజరు దగ్గరికి వెళ్లాడు. లోపల ఇద్దరూ చేతులు ఊపుకుంటూ వాదించుకుంటుంటే బావకు కళ్లు చెమర్చాయి. "పాపం, మన కోసం ఉద్యోగం పోగొట్టుకుంటాడేమో" అన్నాడు. మంచినీళ్ల నెపంతో నేను అటు వెళ్లి విన్నాను. మధ్యాహ్నం భోజనానికి ఏ హోటలుకు వెళ్లాలన్నదే వాళ్ల తగువు. చివరికి సేల్స్‌మన్ ఆ ఏసీ గదిలోంచి చెమట తుడుచుకుంటూ వచ్చి, "ఫ్లోర్ మ్యాట్లు ఫ్రీగా ఇచ్చేలా ఒప్పించాను సార్!" అన్నాడు.

మరి అమ్మ సంగతి మరిచారా? ఎంతమాట! ఆ ఎత్తైన కారు పక్కన తివాచీ పరిచిన వెడల్పాటి మెట్టు వేసి, చెయ్యి పట్టుకుని ఎక్కించారు. "హాయిగా ఉంది నాయనా" అన్నారు అత్తయ్యగారు. బావ సంతకాలు పెట్టేశాడు. నేను తలూపాను. సలహాదారు పని అదే కదా!

డెలివరీ నాడు కారు మీది ముసుగు లాగారు. స్టాఫంతా చప్పట్లు కొట్టారు. నిలువెత్తు అట్ట తాళంచెవి పట్టుకుని బావ ఫొటో దిగాడు. ఇంటి దగ్గర అత్తయ్యగారు పొద్దున్నే తయారై, "బయల్దేరుతున్నానే" అని తన అక్కకు ఫోన్ కూడా చేసేశారు.

కారు వాకిట్లో ఆగింది. ఆవిడ కాలెత్తారు. అందలేదు. బావ ఓ పక్క, మా అక్క ఓ పక్క, వెనక నేను. పీట వేస్తే పీట కదిలింది. "ఆగండర్రా, నొప్పి" అన్నారావిడ. షోరూముకు ఫోన్ చేస్తే, "మెట్టా? అది షోరూముది సార్, కారుతో రాదు" అన్నారు.

ఇందులో వాళ్ల తప్పేముంది చెప్పండి? కారు అమ్ముతామన్నారు గానీ ఆవిడకు అక్కను చూపిస్తామన్నారా?

ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టామో లేదో, షోరూము నుంచి అభిప్రాయం అడుగుతూ ఒక అమ్మాయి ఫోను. మాట్లాడటానికి మొహం చెల్లక బావ తల్లి చేతికిచ్చాడు.

"మా మర్యాదలు ఎలా ఉన్నాయమ్మా?"

"బాగున్నాయి తల్లీ."

"కారు పైకప్పుకున్న కిటికీ నచ్చిందా?"

"కింద నుంచి కనిపించలేదమ్మా."

ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి పెట్టేసింది. అత్తయ్యగారు ఆ ఫోనుతోనే ఇంకో నంబరు కలిపించుకున్నారు.

"అక్కా, కారొచ్చింది. చాలా పెద్దది. నేను రావడం లేదు."