ఆఫీసు వేళల్లో పూయని ఉమ్మెత్త

రాత్రిపూట పూసే నాటు పూలను కాపాడి, వాటిపై వాలే పురుగులను వృద్ధి చేయాలని జిల్లాకు ఉత్తర్వు వచ్చింది. పథకం పేరు ‘పరాగమిత్ర’. శ్రీకాకుళం తీరాన ఒక ఇసుకనేలల ఊళ్లో లబ్ధిదారుగా గురమ్మ ఎంపికైంది. ఆమె చేసిన ఘనకార్యం, ఆనపపాదుల గట్టున మొలిచిన ఉమ్మెత్తల్ని పీకకపోవడం. మేక ముట్టని మొక్క, నీళ్లడగని మొక్క. సాయంత్రం తెల్లగా విచ్చుకునేసరికి పెద్ద రెక్కల పురుగులు వచ్చేవి. పనిలో పనిగా ఆనపపూలనూ పలకరించి పోయేవి. కాయ విరగకాసేది. గురమ్మకు తెలిసిన శాస్త్రం అంతే. తిండీ దానిమీదే.

తనిఖీకి అధికారిగారు ఉదయం పదకొండింటికి వేంచేశారు. పూలన్నీ వాడి వేలాడుతున్నాయి. ‘పూత: శూన్యం. పురుగులు: శూన్యం’ అని రాసుకున్నారు.

“పొద్దుగూకినాక ఇచ్చుకుంటాది బాబూ. ఆరింటికొస్తే సూడొచ్చు,” అంది గురమ్మ.

అధికారిగారు విసుక్కోలేదు. “ఆఫీసు అయిదింటికి ముగుస్తుందమ్మా. ప్రభుత్వ పథకంలో చేరాక మొక్కకైనా సమయపాలన ఉండాలి. సోమవారం పెద్దలొస్తున్నారు. పూత కనిపించకపోతే పీకించేస్తాం,” అని ఓపికగా బోధించారు.

ఆదివారం గురమ్మ మరిది అప్పలసూరి, అదే పథకంలో తాత్కాలిక ఉద్యోగి, విజయనగరం నుంచి సంచెడు ప్లాస్టిక్ పూలు తెచ్చాడు.

“ఏటిరా ఇవి?”

“నీ మొక్కలు బతకాలా వద్దా వదినా? కట్టు.”

ఇద్దరూ కూర్చుని కొమ్మకొమ్మకూ దారంతో కట్టారు. బతికున్న మనిషి ఫొటోకి దండ వేస్తున్నట్టు అనిపించింది గురమ్మకు.

పెద్దలు వచ్చారు. ముఖ్య అతిథి ఒంగి, ఒక పువ్వు వాసన చూసి, కళ్లు మూసుకున్నారు. “ఇది మన మట్టి పరిమళం. ఇలాంటి పూలు పగలంతా పూయడం ఈ జిల్లా అదృష్టం,” అన్నారు. చప్పట్లు మోగాయి. తాకినవాళ్లందరికీ అవి ప్లాస్టిక్ అని తెలుసు. పక్కన నిలబడి ఫొటో దిగాక ఆ మాట అనడం మర్యాద కాదు. అది జిల్లాకే ఆదర్శ తోట అయింది. ఆకులు పూలను కప్పేస్తున్నాయని మరునాడే ఉమ్మెత్తలను పీకించి, పూలను ఇనుప చువ్వలకు కట్టించారు.

పురుగులు రాలేదు. ఊళ్లో ఆనప పిందెలన్నీ వేలెడయ్యీ కాకముందే పసుపెక్కి రాలాయి. గురమ్మ అప్పలసూరిని తిట్టింది, తరవాత తనను తిట్టుకుంది. ఆ తరవాత రోజూ సాయంత్రం మగపువ్వు తుంచి ఆడపువ్వుకు అద్దడం మొదలుపెట్టింది. నడుం పట్టేసింది గాని పిందె నిలిచింది.

“ఏటి సేస్తన్నావే?” అనడిగింది పక్కపొలం దాలమ్మ.

“పురుగు పని. నువ్వూ వంగు.”

దాలమ్మ వంగింది. నెల తిరిగేసరికి ఊళ్లో ఆడవాళ్లంతా వంగారు.

ఏడాది చివర నివేదిక వెలువడింది. పథకం ఫలితంగా ఆ ఊళ్లో పరాగవాహకాల సంఖ్య సున్నా నుంచి నలభై రెండుకు పెరిగిందట. జాబితాలో మొదటి పేరు గురమ్మది. నలభై రెండింటికీ ఆధార్ సరిపోయింది.