పిచ్చుకకు సీటొచ్చింది

ఆ రోజు పిచ్చుక వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున కాలేజీకి వెళ్ళగానే నిచ్చెనను మెట్ల కిందికి లాక్కెళ్ళి, పెద్ద కాలేజీలో తనకు సీటొచ్చిందనీ, తను వెళ్ళడం లేదనీ ఒక్క గుక్కలో చెప్పెయ్యాలి. తర్వాత పెద్ద కాలేజీకి ఫోన్ చేసి వద్దనాలి. సాయంత్రంతో గడువు అయిపోతుంది. మామూలు మనుషులైతే ఈపాటి పని టీ తాగే లోపల ముగించుకుంటారు.

పిచ్చుక, నిచ్చెన అన్నవి క్లాసు పెట్టిన పేర్లు. ఒకతె పొట్టి, ఒకతె పొడుగు. ఇద్దరూ ఆ చిన్న కాలేజీలో ఫిజిక్స్ డిగ్రీ రెండో ఏడు చదువుతున్నారు. చేరిన రోజు నుంచీ ఒకటే బెంచీ. బాగా పేరున్న పెద్ద కాలేజీ వాళ్ళు డిగ్రీ మధ్యలో కొందరిని చేర్చుకుంటామంటే ఇద్దరూ కలిసే పరీక్ష రాశారు. ఎవరి ఫలితం వాళ్ళ ఫోనుకే వచ్చింది. నిచ్చెన వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు. ఆ మాట చెబుతూ ఆమె నవ్వింది గానీ, ఆ నవ్వు చూడలేక పిచ్చుక తన సంగతి మింగేసి, తనకు అదీ రాలేదంది. ఆ అబద్ధాన్ని మోసుకు తిరగడం నరకంగానే ఉంది. పెద్ద కాలేజీ మీద ఆశ లేదని కాదు. నిచ్చెన పక్కన లేని క్లాసులో ఎలా కూర్చోవాలో ఎంత ఆలోచించినా ఆమెకు తోచలేదు.

పథకం గుమ్మంలోనే దెబ్బతింది. వానకు క్లాసు పైకప్పు కారి, బెంచీలో సరిగ్గా పిచ్చుక కూర్చునే చోట నీళ్ళు పడుతున్నాయి. నిచ్చెన అప్పటికే వచ్చి పుస్తకంలో తల దూర్చేసింది. పిచ్చుక వెనక్కి తిరిగి, వరండాలో వస్తున్న ఫిజిక్స్ మాస్టారికి ఎదురెళ్ళింది.

"సార్, నేను సీటు మారతాను."

మాస్టారు ఆగిపోయారు. ఆ పరీక్షకు ఇద్దరి చేతా దరఖాస్తు పెట్టించింది ఆయనే. "వచ్చిందా?"

"రాత్రే వచ్చినట్టుంది సార్. నేను పొద్దున చూశాను," అంది పిచ్చుక, వాన సంగతి అనుకుని.

"మీ నాన్నగారికి చెప్పావా?"

"దీనికి మా నాన్నెందుకు సార్?"

మాస్టారి కళ్ళు చెమర్చాయి. ఇంత పెద్ద విషయాన్ని ఇంత తేలిగ్గా తీసుకునే పిల్లను ఆయన తన సర్వీసులో చూడలేదు. ఆమె చెయ్యి పట్టుకుని క్లాసులోకి తీసుకెళ్ళి, మన పిచ్చుకకు పెద్ద కాలేజీలో సీటొచ్చిందని గొంతెత్తి చెప్పేశారు. క్లాసు చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది నిచ్చెన. కొట్టినంతసేపూ పిచ్చుక వైపు చూడలేదు.

పైకప్పు సంగతి చెప్పబోయి పిచ్చుక ఆగిపోయింది. సీటు రాలేదనడానికి లేదు, వచ్చింది. వెళ్ళనని చెప్పాలంటే, ఇన్నాళ్ళూ దాచానని ముందు ఒప్పుకోవాలి, అదీ నలుగురిలో. తల దించుకుంది. మాస్టారు దాన్ని వినయం కింద జమకట్టారు.

అక్కణ్ణుంచి కాలేజీకి రెక్కలొచ్చాయి. పెద్ద కాలేజీకి ఒక్క పిల్లనైనా పంపాలని ప్రిన్సిపాల్ ఏళ్ళుగా కలలు కంటున్నారు. టీసీ కావాలన్న వాళ్ళను నెలల తరబడి తిప్పే గుమాస్తా, అడగని పిచ్చుకకు అప్పటికప్పుడు టీసీ రాసి, రిజిస్టరులో పేరు కొట్టేశాడు. ల్యాబ్ అటెండరు ఆమె బీరువా అర ఇంకొకరికి అప్పగించాడు. హాస్టల్ వార్డెను కిటికీ పక్క మంచాన్ని, దానికోసం ఎప్పట్నుంచో కాచుకున్న అమ్మాయికి ఇచ్చేసి, పిచ్చుక పెట్టెను వరండాలో పెట్టించింది. మాస్టారు ఫోన్ చేసి చెబితే, బస్సు డ్రైవరైన నాన్న స్టాపు కాని చోట బస్సాపి ప్రయాణికులందరికీ చెప్పాడట. ఈ సంగతి అమ్మ ఫోన్ చేసి చెప్పి, కన్నతల్లికి ఆఖర్న తెలియాలా అని తిట్టింది. పిచ్చుక నోరు విప్పేలోపు, "ఏడవకే, మేం వచ్చి చూస్తుంటాంలే" అని పెట్టేసింది.

మధ్యాహ్నానికి ఆ కాలేజీలో పిచ్చుకకు తనదంటూ ఏమీ మిగల్లేదు. నిచ్చెన ఉందనుకుంటే ఆమె కూడా ఎక్కడా కనిపించలేదు.

పిచ్చుక మెట్ల కింద దూరి పెద్ద కాలేజీకి ఫోన్ చేసింది. అవతలి ఆఫీసావిడకు ఇలాంటి మాట వినే అలవాటున్నట్టు లేదు. నిజంగానే వద్దా, ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా అని గుచ్చి గుచ్చి అడిగింది. వద్దని తేల్చి చెప్పాక పిచ్చుకకు గుండెల మీంచి బరువు దిగింది. పెట్టె వరండాలో ఉంటే ఉందిలే, టీసీ చింపేస్తే సరి అనుకుంది. నిచ్చెన కోసం కాలేజీ అంతా గాలించి, చివరికి ఆఫీసు ముందు పట్టుకుంది.

నిచ్చెన కళ్ళు ఏడ్చి ఉబ్బిపోయాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది. చేతిలో టీసీ ఉంది.

"నేనూ వస్తున్నానే. ఇందాకే ఫోన్ చేశారు. ఎవరో పిచ్చిమొహం సీటు వద్దందట."

క్లాసవగానే బాత్రూములో కూర్చుని ఏడ్చిందట. ఇక జన్మలో పిచ్చుకతో మాట్లాడకూడదనుకుందట. ఫోను రాగానే అన్నీ మరిచిపోయి ఆఫీసుకు పరిగెత్తిందట. ఒకే రోజు రెండో అమ్మాయి అనేసరికి ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచి నిలబడి మరీ సంతకం పెట్టారట. అక్కడ ఇద్దరం ఒకే గది అడుగుదాం అని నిచ్చెన చెప్పుకుపోతోంది. తాను వద్దన్న సీటు వెయిటింగ్ లిస్టులో మొదటి పేరుకే పోతుందని పిచ్చుకకు అంతవరకూ తట్టనే లేదు.

ఒక్క మాట చాలు, ఆమె కూడా ఫోన్ చేసి వద్దనేస్తుంది. ఇద్దరూ ఇక్కడే ఉండిపోవచ్చు. ఆ మాట పిచ్చుక నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నిచ్చెన మాట్లాడుతూనే ఆ టీసీ మడతను అరచేత్తో సాపు చేస్తోంది, మళ్ళీ మళ్ళీ చేస్తోంది. ఆమెకు ఆ సీటు ఎంత కావాలో పిచ్చుకకు అప్పుడు తెలిసింది.

"ఆ పిచ్చిమొహం నేనేనే. నీకోసమే వద్దన్నాను. నువ్వు మాత్రం వద్దనకు."

నిచ్చెన ఏడ్చింది, పోట్లాడింది, తనూ వద్దంటానని ఫోను తీసింది. పిచ్చుక ఆ ఫోను లాక్కుని వీపు వెనక దాచింది. పొడుగు మనిషి పొట్టి మనిషి దగ్గర ఫోను గుంజుకోవడం ఏమంత పని కాదు. అయినా నిచ్చెన గుంజుకోలేదు. అందుకు పిచ్చుక సంతోషించింది, ఏడ్చింది కూడా.

ఆ ఆదివారం నిచ్చెన బస్సెక్కింది. బస్సు మలుపు తిరిగేదాకా పిచ్చుక చెయ్యి ఊపింది. తిరిగాక కూడా ఊపుతూనే నిలబడింది.

టీసీ చింపితే సరిపోదని గుమాస్తా చెప్పాడు. కొట్టేసిన పేరు మళ్ళీ రాయడానికి రూలు లేదు, కొత్తగా చేరాల్సిందే. ప్రిన్సిపాల్, మాస్టారు పక్కపక్కన కూర్చుని, ఎన్నడూ చూడని పిల్లను అడిగినట్టు ఆమెను ప్రశ్నలడిగారు.

"ఈ కాలేజీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నావు?" అన్నారు ప్రిన్సిపాల్. పిచ్చుక నేల చూపులు చూసింది. ఆయన కాస్త జాలిపడి తేలిక ప్రశ్న వేశారు. "పోనీ, ఇక్కడ నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఒకమ్మాయి ఉండేది సార్."

మాస్టారు కిటికీ వైపు తిరిగిపోయారు. పిచ్చుక వదిలిన ఖాళీ అప్పటికే ఎవరితోనో నిండిపోవడంతో, నిచ్చెన వదిలిన ఖాళీలో ఆమెను చేర్చుకున్నారు.