బూడిద రిహార్సల్

"అమెరికాల మహా అగ్నిపర్వతం పేలినా సరే, రఘునాథపల్లి మీద చిటికెడు బూడిద పడనియ్యం!" అని సుదర్శన్ గారు ప్రకటించారు. ఆయన విపత్తుల నివారణ కమిటీ చైర్మన్. ఆ మాటతో ఊరంతా గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది. అమెరికాలో అలాంటిది ఉందని మాకు ముందు రోజు దాకా తెలియదు.

అది పేలితే ఆకాశమంతా బూడిద కమ్మి, ఏండ్ల తరబడి ఎండ పొడ ఉండదనీ, పంటలు పండవనీ ఆయన వడ్ల కొనుగోలు కేంద్రంలో వివరించారు. సభ అక్కడే ఎందుకంటే, జనం లేచిపోరు. కుప్పలు వదిలి ఎక్కడికి పోతాం?

"పంటను కాపాడుడే మన ధ్యేయం. మాక్ డ్రిల్ పెడుతున్నం" అన్నారు.

డ్రిల్‌కు రైస్‌మిల్లు నుంచి ట్రాక్టర్లలో ఊక బూడిద తెప్పించారు. పేలుడుకు మేము వడ్లు తూర్పారబట్టే ఫ్యాన్లే చాలన్నారు. అంతా స్వదేశీ పరిజ్ఞానం. వేదికకు కప్పడానికి కుప్పల మీది టార్పాలిన్లు లాగారు.

వరసలో మొదటి కుప్ప యాకయ్యది. తన టార్పాలిన్ వదల్లేదు.

"సారూ, రేపే నా వడ్లు కాంటా పెట్టి తూకం ఏసేది. జర ఇదొక్కటి ఇడిసిపెట్టుండ్రి."

"ఖండాలే మునుగుతాంటె నీ కుప్ప ఒక లెక్కనా యాకయ్యా?"

యాకయ్య సిగ్గుపడి ఇచ్చేశాడు.

సైరన్ మోగింది. ఫ్యాన్లు తిరిగాయి. ఏం పేలుడండీ! పట్టపగలే చీకటి. హైవే మీద బస్సులు లైట్లు వేసుకున్నాయి. సుదర్శన్ గారి తెల్లచొక్కా మాత్రం తెల్లగానే ఉంది. 'డ్రిల్ విజయవంతం' అని అప్పటికప్పుడే ఫ్లెక్సీ కట్టారు. ముందే అచ్చు వేయించారు.

వెలుతురు వచ్చాక కేంద్రం ఇన్‌చార్జి నవ్య మేడం యాకయ్య కుప్పలో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా నల్లబడింది.

"ఈ వడ్లు నడువయ్. బూడిదున్నది."

"మీరే పోసిండ్రు గదమ్మా!"

"మేం పోసింది రిహార్సల్ బూడిద. అసలుది పేలితే పరిహారం వస్తది. రిహార్సల్‌కు రూల్ లేదు."

యాకయ్య కుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. వేదిక దగ్గరికి పోయి చేతులు జోడించాడు.

"సారూ, అసలుది ఎప్పుడు పేలుతది?"

"లక్ష ఏండ్లన్నా పట్టొచ్చు."

"జర జల్ది పేలేటట్టు సూడుండ్రి. ఆరుగాలం కష్టం."

సుదర్శన్ గారి కళ్లు చెమర్చాయి. యాకయ్య భుజం మీద చెయ్యి వేశారు.

"ఫికర్ జెయ్యకు తమ్మీ. ప్రభుత్వం మనదే. ఎలక్షన్ల లోపట పేల్పిస్త."

చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. నా కుప్ప యాకయ్య కుప్ప పక్కదే.