సరేగారి ఓటు

సోమవారం పొద్దున గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసు తెరవాలి. పదింటికల్లా ప్రపంచ సమాఖ్య పంపిన ఫారాలు నింపి తిప్పి పంపేయాలి. పదకొండింటికి క్షవరం చేయించుకోవాలి. పన్నెండింటికి అక్క వడ్డించే భోజనానికి కూర్చోవాలి. వీటిలో క్షవరం ఒక్కటి తప్పిపోయింది. మిగతావన్నీ అనుకున్నది అనుకున్నట్టే జరిగాయి. కొంప మునిగింది అక్కడే.

ఆ ఆఫీసు ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘానిది. టైర్ల దుకాణం మీద రెండు గదులు. ముందు గదిలో గుమాస్తా, ఒక కంప్యూటరు, ఎప్పుడో గెలిచిన ఒక కప్పు. ఆ కప్పులో పెన్నులు పెట్టుకుంటారు. వెనక గదిలో అధ్యక్షుడు. ఆయన గుమాస్తాకు స్వయానా అక్క మొగుడు. వయసులో ఉండగా గోల్‌కీపర్‌గా ఆడారు, ఇప్పుడు కలప కోసే మిల్లు నడుపుతున్నారు. మంచి మనిషి. ఎంత మంచి మనిషంటే, ఎదురుగా కూర్చున్నవాడికి కాదని చెప్పడం ఆయనకు చేతకాదు. ఆడే రోజుల్లోనూ అంతేనని, వచ్చే బంతికి అడ్డం పడటానికి కూడా మొహమాటపడేవారని పాత ఆటగాళ్ళు చెబుతారు. ఊళ్ళో అందరూ ఆయన్ని సరేగారు అంటారు.

ఆ సరేగారికి మూడు వారాలుగా అన్నం సయించడం లేదు. ఎనిమిదేళ్ళ తర్వాత జరగబోయే ప్రపంచకప్పును ఏ దేశంలో పెట్టాలో తేల్చడానికి ఇంకో ఇరవై రోజుల్లో ప్రపంచ సమాఖ్య మహాసభ ఉంది. అక్కడ ఎంత పెద్ద దేశానికైనా ఒక ఓటే, టైర్ల దుకాణం మీద సంఘానికీ ఒక ఓటే. పోటీలో రెండు పెద్ద దేశాలున్నాయి. మొదటి దేశం తరఫున గళ్ళకోటు ఆయన వచ్చి, గంటసేపు కూర్చుని, ఓటు అడిగాడు. సరేగారు సరే అన్నారు. వారం తిరక్కుండా రెండో దేశం తరఫున తెల్లటోపీ ఆయన వచ్చాడు. ఆయనా గంటసేపే కూర్చున్నాడు. సరేగారు సరే అన్నారు. చీటీ మడిచి పెట్టెలో వేసే రోజులైతే ఇందులో బెంగపడాల్సింది ఏమీ లేదు. ఈసారి మాత్రం ఎవరు ఎవరికి వేశారో దేశం పేరుతో సహా గోడంత తెర మీద చూపిస్తారని కబురొచ్చింది.

"ఇద్దరిలో ఎవరి మొహం చూడనురా నేను?" అని ఆయన బావమరిది దగ్గర వాపోయారు. ఒకరికి ఫోన్లో కాదని చెప్పేయమని, ఫోన్లో మొహం కనబడదని భార్య సలహా ఇచ్చింది. సరేగారు ధైర్యం చేసి ఇద్దరికీ ఫోన్ చేశారు. ఇద్దరి ఆరోగ్యమూ, పిల్లల చదువులూ కనుక్కుని పెట్టేశారు.

ఇక ఫారాల సంగతి. ఇరవై రెండేళ్ళ అనుభవం మీద గుమాస్తా ఒక పద్ధతి కనిపెట్టాడు. ఏ ప్రశ్నకైనా కాదు అని రాస్తే, ఎందుకు కాదో వివరించమని ఇరవై పేజీల ఫారం వస్తుంది. అవును అని రాస్తే ఏమీ రాదు. అందుకని అతను ప్రశ్నలు చదవడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆ సోమవారం ఎనిమిది ఫారాలున్నాయి. రిఫరీలకు శిక్షణ ఇస్తున్నారా? అవును. ఆడపిల్లల జట్టు ఉందా? అవును. ఆరో ఫారంలో మొదటి ప్రశ్న, ప్రపంచకప్పు మీ దేశంలో నిర్వహించడానికి పోటీ పడదలచారా అని. అవును. ఎనభై వేలమంది కూర్చునే మైదానం ఉందా? అవును. వాళ్ళ మైదానంలో నాలుగు వందలమంది కూర్చోవచ్చు, అదీ ఒకరికొకరు దగ్గరి చుట్టాలైతే. పోటీకి దరఖాస్తు పెట్టుకోవడానికి ఆఖరి రోజు కూడా ఆ సోమవారమే.

మంగళవారం జవాబు వచ్చింది. గుమాస్తా దాన్ని మూడుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, వెనక గదిలోకి వెళ్ళాడు.

"బావా, మనం ప్రపంచకప్పు పెడుతున్నామట."

"ఎవరు చెప్పారు?"

"మనమే చెప్పాం."

పొరపాటైపోయిందని ఆ క్షణమే ఉత్తరం రాసి ఉంటే కథ అక్కడితో తెగిపోయేది. కానీ పోటీదారుల పేర్లు మూడూ ప్రపంచ సమాఖ్య అప్పటికే లోకానికంతా చాటేసింది. గుమాస్తా కాగితం తీసేలోపే కింద టైర్ల దుకాణం యజమాని చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. ఆయన సంఘం కార్యవర్గ సభ్యుడు కూడా. అంత పెద్ద పండగ జరుగుతుంటే రవాణా కమిటీ తనకు కాక ఇంకెవరికి ఇస్తారని అడిగాడు. ఎదురుగా కూర్చుని అడిగాడు. సరేగారు సరే అన్నారు. తర్వాత పళ్ళ డాక్టరు వచ్చి వైద్య కమిటీ పట్టుకుపోయాడు. బళ్ళో పెద్ద పంతులమ్మ ప్రారంభోత్సవం నాటి నాట్యం తన పిల్లలదేనని మాట తీసుకుంది. సాయంత్రానికి కార్యవర్గంలోని ఆరుగురికీ ఆరు కమిటీలు అందాయి. ఊరంతా నవ్వు మొహాలే. మైదానం చూసే పెద్దాయన ఒక్కడే కాస్త గంభీరంగా ఉన్నాడు. గడ్డి కోసే యంత్రం చెడిపోయి మూడేళ్ళయింది, ఆ పని ఆయన మేకలే చేస్తున్నాయి. ఎనభై వేలమంది వస్తే వాటినెక్కడ కట్టెయ్యాలో ఇప్పుడే చెప్పమన్నాడు.

పోటీనుంచి తప్పుకోవాలంటే కార్యవర్గం ఏడుగురూ సంతకాలు పెట్టాలని నిబంధన. బుధవారం గుమాస్తా కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఏడో సంతకం, అంటే సరేగారిది, ముందే పడింది. మిగతా ఆరూ పడలేదు.

"ఎలా పెడతానయ్యా?" అన్నాడు టైర్లాయన. "నిన్న రాత్రే మా ఆవిడ పుట్టింటికి ఫోన్ చేసి రవాణా అంతా మా ఆయన చేతిలోనే ఉందని చెప్పుకుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో నన్ను గురించి వాళ్ళకి చెప్పుకోవడానికి దానికి దొరికిన మొదటి ముక్క ఇది."

గురువారం గళ్ళకోటు ఆయన దిగాడు. ఈ చిన్న దేశాన్ని పోటీకి దింపింది తెల్లటోపీవాళ్ళేనని, తన ఓట్లు చీల్చడానికే ఇదంతా అని ఆయన నమ్మకం. రెండు గంటలు కూర్చుని, తప్పుకొమ్మని, తప్పుకుని ఓటు తనకే వేయమని బతిమాలాడు. సరేగారు సరే అన్నారు. ఆయన ఇంకా లేవకుండానే తెల్లటోపీ ఆయన కారు దుకాణం ముందు ఆగింది. గుమాస్తా పరుగున పోయి గళ్ళకోటును వెనక మెట్ల మీదుగా దింపాడు. ఆ మెట్లు నేరుగా టైర్ల దుకాణంలోకే దిగుతాయి. యజమాని ఎదురొచ్చి ఏ సైజు కావాలని అడిగేసరికి, అంత పెద్ద మనిషీ మర్యాదకు రెండు టైర్లు కొనుక్కుని వెళ్ళిపోయాడు. పైన తెల్లటోపీ ఆయనకు అచ్చం అదే అనుమానం, గళ్ళకోటువాళ్ళ మీద. కోరిక కూడా అదే. సరేగారి మాట కూడా అదే.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంటి ఇల్లాలు కళ్ళజోడు పెట్టుకుని ప్రపంచ సమాఖ్య నిబంధనల పుస్తకం ముందేసుకుంది. మందు డబ్బాలో వచ్చే కాగితం కూడా ఆఖరి అక్షరందాకా చదివే మనిషి ఆవిడ.

"ఇది మీరెవరైనా చదివారా?"

"చదవలేదు గానీ, చదివామని సంతకం పెట్టాం అక్కా," అన్నాడు గుమాస్తా.

"పోటీలో ఉన్న దేశానికి ఓటు లేదట. ఓట్లేసేటప్పుడు హాల్లో కూడా ఉండకూడదట, బయట నిలబడాలట."

సరేగారు కళ్ళు మూసుకుని ఆ మాట మనసులో ఇంకోసారి చదువుకున్నట్టున్నారు.

"తప్పుకుంటే ఓటెయ్యాలి. తప్పుకోకపోతే ఓటే లేదు," అని ఆవిడ పుస్తకం మూసింది. "ఎవరికీ కాదని చెప్పక్కర్లేదు, అబద్ధమాడక్కర్లేదు. కార్యవర్గం సంతకాలు పెట్టట్లేదని ఇద్దరికీ నిజమే చెప్పండి."

గుమాస్తాకు ఇంకో భయం ఉంది. అధికారులు వచ్చి మైదానం చూస్తామంటే? దానికీ పుస్తకంలో జవాబు ఉంది. పెద్ద దేశాలు రెండింటికీ సగం మైదానాలు ఇంకా పునాదుల్లోనే ఉన్నాయట. అందుకని పరిశీలన ఓటింగ్ అయ్యాకే, అదీ గెలిచినవాళ్ళకే అని ఆ ఏడాది రెండూ కలిసి నిబంధన రాయించుకున్నాయి. ఇక మనం గెలిచేదెప్పుడు, వాళ్ళు వచ్చేదెప్పుడు అని అందరూ నవ్వుకున్నారు. మూడు వారాల తర్వాత సరేగారు మొదటిసారి మారు వడ్డించమన్నారు.

మహాసభకు బావా బావమరుదులిద్దరూ వెళ్ళారు. పోటీదారులు తలా పావుగంట మాట్లాడాలి. గళ్ళకోటువాళ్ళు సినిమా వేసి చూపించారు. తెల్లటోపీవాళ్ళు మైదానం నమూనా తెచ్చి దీపాలు వెలిగించారు. సరేగారు లేచి, "మా ఊరు చిన్నది. మైదానమూ చిన్నదే. వస్తామంటే కాదనం," అని కూర్చున్నారు. జనం నవ్వారు, చప్పట్లు కూడా కొట్టారు.

ఓటింగ్ మొదలవగానే మూడు దేశాలవాళ్ళనూ బయటి వసారాలోకి పంపించారు. అక్కడ టీ పెట్టారు. గళ్ళకోటు ఆయన సరేగారి కుడి చెయ్యి పట్టుకుని, మీ ఓటు నాకు పడకుండా పోయిందే అని బాధపడ్డాడు. తెల్లటోపీ ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని అదే బాధ పడ్డాడు. సరేగారు ఇద్దరితోనూ కలిసి బాధపడ్డారు. ఆయన టీ గ్లాసును గుమాస్తా పట్టుకున్నాడు. బావ మొహంలో అంత ప్రశాంతత అక్క పెళ్ళినాడు కూడా చూడలేదని అతను తర్వాత చెప్పేవాడు.

అరగంటకు తలుపులు తెరుచుకున్నాయి. ముందుగా ఒక బక్కపలచని మనిషి పరుగున వచ్చి సరేగారిని కావలించుకున్నాడు. ఆయన కూడా ఇలాంటి ఒక చిన్న దేశపు సంఘానికి అధ్యక్షుడే.

"అన్నా, నువ్వు లేకపోతే నా గతేమయ్యేది? వీళ్ళిద్దరికీ మాటిచ్చి నెలరోజులుగా చస్తున్నాను. మీట నొక్కబోతే మూడో పేరు కనబడింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి."

ఆయన వెనక ఇంకొకాయన. ఆయన వెనక మరో నలుగురు. కావలించుకోవడానికి వసారా పొడుగునా వరస కట్టారు. వాళ్ళ భుజాల మీదుగా గుమాస్తా హాల్లోకి తొంగిచూశాడు. గోడంత తెర మీద గళ్ళకోటుకు యాభై రెండు, తెల్లటోపీకి నలభై ఏడు, మనకు నూటతొమ్మిది.

సరేగారు వరస అయిపోయేదాకా ఓపిగ్గా నిలబడి, అప్పుడు ఇంటికి ఫోన్ చేశారు.

"గెలిచాం," అన్నారు.

"ఏం గెలిచారు?"

"ప్రపంచకప్పు."

"ఆడకుండానే?"

"ఆడటానికి కాదు, పెట్టడానికి."

అవతల కొళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. "ఎప్పుడు పెట్టాలి?"

"ఎనిమిదేళ్ళకి."

"మీ పదవి ఎప్పటిదాకా?"

సరేగారు గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా వేళ్ళు లెక్కపెట్టి చూపించాడు. "వచ్చే మార్చి దాకా," అన్నారు సరేగారు.

"అయితే అక్కడేదో హాయిగా తిని బయల్దేరండి. ఆ వచ్చేవాళ్ళెవరో వాళ్ళే చూసుకుంటారు."

సరేగారు హాయిగా తిన్నారు. ఆ తర్వాత నెలలన్నీ కూడా హాయిగానే గడిచాయి. కమిటీలు వారంవారం కూర్చుని టీ తాగాయి, టైర్లాయన అత్తవారింట్లో ఆయనకు కుర్చీ వేయడం మొదలుపెట్టారు, సరేగారు మార్చి కోసం గోడ మీద తేదీలు కొట్టేసుకుంటూ వచ్చారు. మార్చి వచ్చింది. పోటీకి ఎవరూ లేకపోతే ఉన్న అధ్యక్షుడే కొనసాగాలన్నది ఆ సంఘం నిబంధన. గడువు రోజు సాయంత్రం అయిదింటికి, అక్కాబావల సమక్షంలో, గుమాస్తా నామినేషన్ల పెట్టె తాళం తీశాడు.

లోపల ఒక సాలెపురుగు తప్ప పోటీదారులెవరూ లేరు.