మంచుదేశపు చలిజ్వరం

"పదకొండు దేశాల జబ్బులన్నీ ఇక నుంచి ఒకే కంప్యూటర్‌లో ఉంటాయి. ఏ దేశంలో ఎవరు తుమ్మినా మిగతా పది దేశాలూ చేతిరుమాళ్లు తీస్తాయి!" అని మంత్రి వెంకటరామారావుగారు మా వాగొడ్డుగూడెం దవాఖానా ముందు ప్రకటించారు. షామియానా, మైకుసెట్టు నావే కాబట్టి చప్పట్లు మొదట నేనే కొట్టాను.

భద్రాచలం అడవి అంచున ఉన్న మా ఊరికి ఇంత యోగం సామాన్యమా! కొత్త మందుల బీరువా కూడా వచ్చింది. రోగి పేరు కంప్యూటర్‌లో ఎక్కితేనే దాని తలుపు తెరుచుకుంటుంది. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారో లేదో, మొదటి రోగి రానే వచ్చింది. వాగవతలి గూడెం జంపయ్య తన ఆరేళ్ల కూతురు శారదను భుజాన వేసుకొచ్చాడు. పిల్ల గడగడా వణుకుతోంది. నర్సు కళావతి రక్తం చుక్క తీసి చూసి మలేరియా అని చెప్పింది.

"జల్దీ గోలీలియ్యి సిస్టరమ్మా" అన్నాడు జంపయ్య.

కళావతి కంప్యూటర్‌లో ఎంత వెతికినా జంపయ్య గూడెం దొరకలేదు. "వాగు దాటితే పక్క రాష్ట్రమాయె అన్నా. గా రాష్ట్రం గీ కంప్యూటర్ల కలువలే."

"పదకొండు దేశాలు కలిసినయంటిరి గద?"

మంత్రిగారు ఓపిగ్గా వివరించారు. "దేశాలదేముందయ్యా, ఓ హోటల్లో కూర్చుంటే అయిపోతుంది. పక్క రాష్ట్రమంటే కమిటీ వెయ్యాలి. ఆ కమిటీ ఎక్కడ కూర్చోవాలో తేల్చడానికి ఇంకో కమిటీ వేశాం."

ఎంత ముందుచూపు!

ఈలోగా పిల్ల కళ్లు తేలేసింది. కళావతి ఇక ఎవర్నీ అడగలేదు. దేశం అన్నచోట మొదట కనిపించిన ఓ మంచుదేశం మీద నొక్కింది. దాని పేరు పలకడానికి నాకు నోరు తిరగదు. బీరువా మాత్రం టక్కున తెరుచుకుంది.

ఆ తర్వాతి వైభవం చెప్పనలవి కాదు. విదేశీ పేషెంట్ వచ్చిందని మంత్రిగారు శాలువా కప్పారు. "మా దేశం ఎలా ఉంది బేబీ?" అని ఇంగ్లీషులో అడిగారు. శారద "అయ్యా, బువ్వ" అంది. "థాంక్యూ అంటోంది" అని ఆయనే మాకు తర్జుమా చేశారు.

పిల్ల లేచి ఆడుకుంది. అది చూసి గూడెమంతా దవాఖానాకు కదిలింది. "శారదకు రాసిన దేశమే నాకూ రాయి బిడ్డా" అంది ముసలి గంగక్క. చివరికి మా ఊరివాళ్లు కూడా అదే దేశం చెప్పడం మొదలుపెట్టారు. మనవాళ్లనైతే కంప్యూటర్ ఆధార్ అడుగుతుంది, వేలిముద్ర అడుగుతుంది. విదేశీయులకు మర్యాద చేస్తుంది.

వానలు వెనకబట్టేసరికి కంప్యూటర్ తేల్చేసింది. మంచుదేశంలో మలేరియా విజృంభణ, వాగొడ్డుగూడెంలో సున్నా. పదకొండు దేశాలూ హుటాహుటిన విధానం తయారుచేశాయి. మాకు రావలసిన దోమతెరలు మంచుదేశానికి ఓడెక్కాయి. మా బీరువాలోని గోలీలు విమానమెక్కాయి. సున్నా సాధించిన మంత్రిగారికి దవాఖానా ముందే సన్మానం జరిగింది. షామియానా మళ్లీ నాదే.

సభ మధ్యలో మంచుదేశపు మంత్రి పెద్ద తెర మీద ప్రత్యక్షమయ్యాడు. దోమతెరలు అందాయట, చాలా సంతోషమట. కానీ దోమ ఎలా ఉంటుందో వాళ్లెవరూ చూడలేదట, వీలైతే ఒకటి పంపమన్నాడు.

"అదెంత భాగ్యం!" అన్నారు మంత్రిగారు. మొదటిది ఆయన మెడ మీదే దొరికింది గానీ చితికిపోయింది. రెండోదాన్ని పీఏ సజీవంగా గాజుసీసాలో పట్టాడు.

సరిగ్గా అప్పుడే జంపయ్య పిల్లను మోటార్‌సైకిల్ మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు. శారదకు జ్వరం తిరగబెట్టింది. ఖాళీ బీరువా ముందు కళావతి ఏడ్చేసింది. "ఒక్క గోలీ లేదన్నా. భద్రాచలం తోల్కపో, అంబులెన్సుల ఎక్కియ్యి." పిల్లను చూస్తే నాకు గుండెలో కలుక్కుమంది. నాకూ జ్వరమేమో అనుకున్నాను.

అంబులెన్సు అప్పటికే సైరన్ మోగిస్తూ గేటు దాటుతోంది. ముందు పోలీసు జీపు.

"సారూ, లోపటెవరు? నా బిడ్డకింత జాగా ఉంటదా?" అని జంపయ్య అడిగాడు.

"దోమ. విదేశం పోతుంది. పక్కకు జరుగు" అన్నాడు పోలీసాయన.

జంపయ్య బండి పక్కకు తీశాడు. అంబులెన్సు అద్దంలోంచి సీటుబెల్టు పెట్టిన సీసా కనిపించింది. శారద వణుకుతూనే దానికి టాటా చెప్పింది.