పప్పు చుక్క, నాలుగు వందల మంది

కువైట్ యుద్ధం ముగిసిన ఏడాది. ఒక శనివారం పొద్దున బాలన్న ఎర్రపప్పు వండి, జైలరుకు చాయ్ ఇచ్చి, ఇంటికి పంపే ఖురూజ్ కాగితం మీద సంతకం అడగాలనుకున్నాడు.

బాలన్నది జగిత్యాల దిక్కు. సౌదీలో రాబిగ్‌కు అవతల ఒక చిన్న ఊరి జైల్లో వంటవాడు. రెండేళ్లుగా సంతకం అడుగుతూనే ఉన్నాడు. జైలరు అబూ ఫహద్ రెండేళ్లుగా కూర రుచి చూసి, "ఇంత మంచి వంటవాణ్ణి ఎట్లా వదులుతాను?" అంటూనే ఉన్నాడు. పోనీ చెడగొట్టి వండుదామంటే బాలన్నకు చెయ్యి రాదు.

ఆ జైలును బతికించేది రియాద్ పంపే ఖైదీలే. కాగితాలు లేక పట్టుబడ్డ పరదేశులను సొంత దేశాలకు పంపేదాకా అక్కడ ఉంచుతారు. అందుకు రియాద్ తలకు రోజుకు ఇరవై రియాళ్లు ఇస్తుంది. అలాంటి తలలు నలభై. ఆ నలభై తలల మీదే గార్డుల జీతాలు, గోడలకు రంగు, అబూ ఫహద్ కుర్చీలోని మెత్తదనం నడుస్తున్నాయి.

ఆ పొద్దున జైలరు నెల బిల్లు రాసి, సిరా ఆరడానికి వంటింటి బల్ల మీద పెట్టాడు. పప్పు ఉడికిందో లేదో చూద్దామని బాలన్న గరిటె పైకెత్తాడు. ఒక బొట్టు కాగితం మీద పడింది. అరబీ అంకెల్లో సున్నా అంటే చుక్కే. నలభై పక్కన ఇంకో చుక్క పడేసరికి నాలుగు వందలైంది. తుడవబోతే అది ఇంకా గుండ్రంగా తయారైంది. జైలరు చూసుకోకుండానే ఫ్యాక్సులో పంపాక అది పప్పో సిరావో రియాద్‌కు ఏం తెలుస్తుంది?

పది రోజులకు పదింతల డబ్బు వచ్చింది. "యుద్ధంలో మన సేవ గుర్తించారు!" అని అబూ ఫహద్ ఉబ్బిపోయి ఆరు ఏసీలు, ఒక ఒంటె కొన్నాడు. మరో వారానికి నాలుగు వందల పరుపులతో లారీ వచ్చింది. ఆ వెంటనే ఫోను: రేపు పొద్దున రియాద్ నుంచి అధికారి వస్తున్నాడు, నాలుగు వందల మందినీ లెక్కపెడతాడట.

జైలరు బిల్లు వెతికి తీశాడు. చుక్కను చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"యా బాలన్! ఇది పప్పు!"

"అవును సాబ్. తాలింపు పెట్టక ముందుది."

"ఏసీలు వాపసు తీసుకోరు. ఒంటెను అసలే తీసుకోరు. రేపటికి మూడు వందల అరవై మందిని తే. లేదంటే ఇద్దరం ఇదే జైల్లో పడి ఉంటాం!"

బాలన్న దగ్గర్లోని కూలీల క్యాంపుకు పరుగెత్తాడు. యుద్ధంలో కంపెనీ యజమాని మాయమైపోయి, ఎనిమిది నెలలుగా అక్కడ జీతమూ లేదు, ఇంటికి పోయే టికెట్టూ లేదు. మేస్త్రీ స్వామి బాలన్నకు ఊరివాడే.

"స్వామీ, రేపు కోడి బిర్యానీ వండుతున్న. మీరు మూడు వందల అరవై మందొచ్చి రెండు గంటలు ఖైదీల లెక్క కూసోవాలె."

"గంతేనా అన్నా? లెగ్ పీస్ ఉంటదా?"

"ఉంటది."

"లెగ్ పీస్ ఉంటె జన్మఖైదయినా సరే!"

మర్నాడు కూలీలు వచ్చారు. తలస్నానాలు చేసి, నూనె రాసుకుని, అత్తరు పూసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. "ఏడుపు మొహాలు పెట్టండి!" అని జైలరు అరిచాడు. బిర్యానీ మూత తీసిన వాసనకు ఒక్క మొహమూ ఏడవలేదు. ఒకడైతే లెక్కపెడుతున్న అధికారినే ఆపి, ఇంకొంచెం రైతా అడిగాడు.

అధికారి చివరి వరుస దాకా వచ్చేసరికి, జైలరు లెక్కలో మొత్తం మూడు వందల తొంభై తొమ్మిది మందే తేలారు. కూలీల్లో ఒకడు ఆ పొద్దుటే యాన్బు రేవులో పని దొరికి, చెప్పకుండా వెళ్లిపోయాడు. జైలరు బాలన్న చేతిలోని గరిటె లాక్కుని, మెడ పట్టుకుని అతన్ని వరుస చివర కూర్చోబెట్టాడు.

"నాలుగు వందలు!" అన్నాడు అధికారి. "ఇంత సంతోషంగా ఉన్న ఖైదీలను నేనెక్కడా చూడలేదు. కానీ రోజుకు ఎనిమిది వేల రియాళ్లు! అంతకంటే విమానం చవక. రేపే జెడ్డా నుంచి అందరినీ పంపేస్తున్నాం. వేలిముద్రలు వేయండి, ఖురూజ్ కాగితాలు మా దగ్గరే ఉన్నాయి."

స్వామి ఆ మాట తెలుగులో చెప్పేసరికి జైలు కప్పు లేచిపోయేంత కేక వినబడింది. పళ్లేలు గాల్లోకి లేచాయి. తెలియని వాళ్లు తెలియని వాళ్లను కౌగిలించుకున్నారు. గార్డులు కూడా, ఎందుకో తెలియకపోయినా, చప్పట్లు కొట్టారు.

బాలన్న వేలు సిరా డబ్బీ దగ్గరికి చేరగానే అబూ ఫహద్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"వీడు ఖైదీ కాదు! నా వంటవాడు!"

అధికారి కలం ఆగింది. "అయితే ఖైదీలు మూడు వందల తొంభై తొమ్మిదేనా? బిల్లులో నాలుగు వందలుందే?"

జైలరు ఏసీల వైపు చూశాడు. బయట ఒంటె అరిచింది.

"ఖైదీయే," అన్నాడు. తనే బాలన్న బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచాడు.

మర్నాడు ఎర్రసముద్రం మీదుగా విమానం పైకి లేస్తుంటే బాలన్న ఒక కంట ఏడ్చాడు, ఒక కంట నవ్వాడు. భోజనం వచ్చింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పు తక్కువైందన్నాడు.