మెడకి రెండు క్యారెట్లు

నవ్వబోమని మాటిస్తే చెబుతాను. ఇది భయం కథ. మీరంతా నన్ను గుండె ధైర్యం ఉన్నవాడనుకుంటున్నారు కాబట్టి ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నాను. ఇక దాచి లాభం లేదు. నేను చెప్పకపోతే మా అత్తగారు మీ ఇళ్లకొచ్చి మరీ చెప్పేలా ఉన్నారు.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. సినిమాలో హీరో విలన్‌ని కొడతాడు చూడండి, ఆ కొట్టడం హీరోది, చప్పుడు నాది. షూటింగులో హీరో చెయ్యి విలన్ చెంపకి జానెడు దూరంలోనే ఆగిపోతుంది. ఆ సీను మా స్టూడియోకి మూగగా వస్తుంది. నేను తెర ముందు నిలబడి పాత తోలు సోఫాని తడి తువ్వాలుతో బాదుతాను. తెర మీద ఎవరు నడిచినా ఆ అడుగులు నావే. కత్తిపోటుకి కాబేజీ. ఎముక విరగాలంటే తడి గుడ్డలో చుట్టిన క్యారెట్. వేలికి ఒకటి చాలు, మెడకి రెండు కావాలి. పద్దెనిమిదేళ్లుగా విరుస్తున్నాను. స్టూడియోలో నన్ను ఎముకల మాస్టారంటారు. నా చేతుల మీదుగా పోయినవాళ్లు తక్కువలో తక్కువ నాలుగైదు వందల మంది ఉంటారు.

అలాంటి నేను ఇప్పటిదాకా ఒక్క యాక్షన్ థ్రిల్లర్ కూడా పూర్తిగా చూడలేదు.

స్టూడియోలో ముక్కలు ముక్కలుగా చూస్తాను, అదీ చప్పుడు లేకుండా. చప్పుడు లేకపోతే గోడ చాటు నుంచి కత్తి పట్టుకొచ్చేవాడు కూడా కూరలు తరగడానికి వస్తున్నట్టే ఉంటాడు. భయం కంట్లో ఉండదండీ, చెవిలో ఉంటుంది. ఆ ముక్కలన్నీ అతుక్కుని, నా చప్పుళ్లన్నీ వాటికి తగులుకుని, పెద్ద హాల్లో నాలుగు వైపుల నుంచీ మీద పడితే తట్టుకునే గుండె కాదు నాది.

మా ఆవిడకేమో ఆ సినిమాలంటే ప్రాణం. పెళ్లైన కొత్తలో మొదటిసారి తీసుకెళ్లాను. పది నిమిషాలు కూడా కూర్చోలేకపోయాను. కడుపునొప్పి అని చెప్పి బయటపడి, సినిమా అయ్యేదాకా పాప్‌కార్న్ అమ్మే చోట నిలబడ్డాను. ఆ తర్వాత ప్రతి సినిమాకీ ఒక కొత్త రోగం. పంటినొప్పి, నడుంనొప్పి, కళ్లకలక. పదమూడేళ్లలో నాకు రాని జబ్బు లేదు. నా బదులు ఆవిడ వాళ్లమ్మని తీసుకెళ్లేది.

మొన్న శుక్రవారం ఆవిడ మూడు టికెట్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆదివారం మ్యాట్నీ. మీరు పనిచేసిన సినిమానే. ముగ్గురం వెళ్తున్నాం."

"ఆదివారమా? ఈ మధ్య నా చెవిలో ఏదో..."

"ఏముందో సోమవారం డాక్టరుకి చూపిద్దాం."

"ఒకటే గుయ్‌మంటోంది."

"హాల్లో అంతకంటే గట్టిగా ఉంటుంది. వినపడదులెండి."

"అసలు పనిగట్టుకుని వెళ్లి భయపడటమేమిటి? నాకది అర్థం కాదు."

"ఇంట్లో భయపడితే అది భయం. సీట్లో కూర్చుని భయపడితే అది సుఖం. ఎంత భయపడ్డా మనకేం కాదు. పైగా చివర్లో చెడ్డవాడికి పడాల్సినవన్నీ పడతాయి. బయట ఎక్కడ పడుతున్నాయి చెప్పండి?"

అత్తగారు మా ఇంట్లోనే ఉంటారు. రిటైరైన లెక్కల టీచరు. పిల్లలు దొరక్క ఇప్పుడు సినిమాలకి మార్కులు వేస్తున్నారు. ఆవిడకి కొన్ని సూత్రాలున్నాయి. "ఒంటరిగా మేడ మీదకి వెళ్లేవాడు తిరిగి కిందకి రాడు. 'ఈ పని అయిపోగానే పెళ్లి చేసుకుంటా' అన్న హీరో స్నేహితుడికి ఇక పెళ్లి కాదు. మొదట్నుంచీ నవ్వుతూ టీ అందించేవాడే అసలు విలన్." చివరి సూత్రం చెప్పేటప్పుడు ఆవిడ ఎప్పుడూ నా వైపే చూస్తారు. ఇంట్లో టీ పెట్టేది నేను.

మా ఆవిడ చెప్పిన 'సీట్లో కూర్చుని' అన్న మాట దగ్గర నా బుర్ర వెలిగింది. అయితే సీటు లేకుండా భయపెడితే సరి. ఒక్కసారి నిజంగా హడలిపోతే ఇక ఈ జన్మలో థ్రిల్లర్ పేరెత్తదు. టికెట్లు పక్కింటివాళ్లకిచ్చేస్తుంది. నా పరువు దక్కుతుంది.

శనివారం పొద్దున స్టూడియోకి వెళ్లి బరువైన బూట్లు వేసుకుని చెక్క మీద నడిచాను. టక్... టక్... టక్. అడుగుకీ అడుగుకీ మధ్య కాస్త ఎక్కువ ఖాళీ ఇచ్చాను. అసలు భయమంతా ఆ ఖాళీలోనే ఉంటుంది. ఆ చప్పుడు ఫోన్లో ఎక్కించుకుని, గుప్పెట్లో పట్టేంత స్పీకర్ ఒకటి తెచ్చి, హాలుకి సరిగ్గా పైనున్న సామాన్ల గదిలో పాత పెట్టె మీద పెట్టాను.

మధ్యాహ్నం మూడింటికి హాల్లో అత్తగారు టీవీలో ఎవరినో ఎవరో తరుముతుంటే చూస్తున్నారు. మా ఆవిడ బల్ల దగ్గర కూరలు తరుగుతోంది. నేను పేపరు చాటున ఫోను నొక్కాను.

టక్... టక్... టక్.

మా ఆవిడ కత్తి ఆగిపోయింది. అత్తగారు టీవీ గొంతు నొక్కేశారు. ఆవిడ టీవీ చప్పుడు ఆపడం నేను చూడటం అదే మొదటిసారి. మా ఆవిడ తల ఓ పక్కకి వంచి కళ్లు మూసుకుని విన్నది. మొహంలో ఏదో కదిలింది. అది భయమే అనుకుని లోలోపల మురిసిపోయాను.

"పైన ఎవరో నడుస్తున్నారండీ," అంది మెల్లగా.

"ఏడు అడుగులు," అన్నారు అత్తగారు. "బరువైన మనిషి."

"పోలీసులకి ఫోన్ చేద్దామా అమ్మా?"

"వాళ్లు ఎప్పుడూ చివర్లోనే వస్తారు. ఈలోగా ఇంట్లో మగాళ్లెవరైనా వెళ్లి చూడాలి."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను పేపరు మడిచి, ఛాతీ విరిచి లేచాను. "మీరు కదలకండి. నేను చూసొస్తా."

"జాగ్రత్తండీ. వచ్చే నెల మన పెళ్లిరోజు," అంది మా ఆవిడ.

"అయ్యో, ఆ మాట ఎందుకన్నావే!" అని అత్తగారు నెత్తి కొట్టుకున్నారు.

పైకెళ్లి స్పీకర్ ఆపి జేబులో వేసుకున్నాను. పాత పెట్టె మీద ఐదు నిమిషాలు కూర్చున్నాను. కింద వాళ్లు ఒకరినొకరు పట్టుకుని వణుకుతుంటారని ఊహించుకున్నాను. కాస్త జాలి కూడా వేసింది. జుట్టు చెరుపుకుని, చొక్కా గుండీ ఒకటి ఊడదీసుకుని, పోరాడి గెలిచినవాడిలా దిగి వచ్చాను.

హాల్లో ఎవరూ లేరు.

టీవీలో ఒకడు నోరు తెరిచి అరుస్తున్నాడు, చప్పుడు లేదు. కిటికీ తెరలు వేసి ఉన్నాయి. నేను పైకి వెళ్లినప్పుడు తీసే ఉన్నాయి. వంటింటి వైపు తలుపు బారెడు తెరిచి ఉంది. కూరలు తరిగే బల్ల మీద కత్తి లేదు.

"ఏమోయ్," అన్నాను. "అత్తయ్యగారూ?"

గోడ గడియారం ఒక్కటే కొట్టుకుంటోంది. దానికి పోటీగా నా గుండె.

అప్పుడు పడకగదిలో కిర్రుమంది. సన్నగా, పొడుగ్గా, ఎవరో తలుపుని కావాలనే ఆలస్యంగా తీస్తున్నట్టు. మా పడకగది తలుపు పదమూడేళ్లలో ఒక్కసారి కూడా కిర్రుమనలేదు. ఫోన్ తీసి చూశాను. ఆగే ఉంది. స్పీకర్ నా జేబులోనే ఉంది. పట్టపగలు ముచ్చెమటలు పోశాయి.

లోపల టక్, టక్ అని అడుగులు. ఆ వెంటనే అత్తగారి గొంతు, "ఎవరు బాబూ నువ్..." అని సగంలో తెగిపోయింది.

ఆ తర్వాత వినపడింది, ఫట్ ఫటామని. వెనకే ఏదో బరువైనది నేలకి ఒరిగిన చప్పుడు.

పద్దెనిమిదేళ్ల అనుభవం నాది. వేలు కాదు. మోచెయ్యి కాదు. మెడ.

పై ప్రాణాలు పైనే పోయాయి. వీధి తలుపు నాకు మూడు అడుగుల్లో ఉంది, పడకగది ఏడు అడుగుల్లో ఉంది. నిజం చెబుతున్నాను, నా కాళ్లు వీధి తలుపు వైపే తిరిగాయి. గొళ్లెం మీద చెయ్యి కూడా వేశాను. పారిపోతే ఎవరూ తప్పు పట్టరు, మనిషన్నాక ప్రాణం తీపి. కానీ లోపల మా ఆవిడ ఉంది. పొద్దున చెవి గుయ్‌మంటోందంటే చెవిలో వేసుకోవడానికి దూది ఉండ చేసిచ్చిన మనిషి. ఆ మెడ ఎవరిది అన్న ఆలోచన రాగానే ఒంట్లో ఉన్న భయమంతా ఇంకో రకం భయంగా మారిపోయింది. ఇది నా గురించి కాదు. అలాంటిది ఒకటుందని నాకు అంతకుముందు తెలియదు.

తలుపు పక్కనున్న గొడుగు అందుకున్నాను. కళ్లు మాత్రం తెరవలేకపోయాను. కళ్లు గట్టిగా మూసుకుని, "వదలరా దాన్ని!" అని గావుకేక పెట్టి, ఏడు అడుగులూ లెక్కపెట్టుకుంటూ పరిగెత్తి తలుపుని భుజంతో గుద్దాను. తలుపు వేసి లేదు. నేరుగా వెళ్లి మంచం మీద బోర్లా పడ్డాను. గొడుగు దానంతటదే విచ్చుకుంది.

కరకరమని ఎవరో నములుతున్న చప్పుడు. ఒక కన్ను తెరిచాను.

అత్తగారు కుర్చీలో కూర్చుని క్యారెట్ ముక్క తింటున్నారు. ఒళ్లో పాత తోలు సంచి, పక్కన కత్తి. నేల మీద చుట్ట చుట్టిన పాత పరుపు పడి ఉంది. మా ఆవిడ కాళ్లకి నా బూట్లు, చేతిలో తడి గుడ్డ, అందులో రెండు విరిగిన క్యారెట్లు.

"అల్లుడుగారూ, మెడకి రెండేగా?" అన్నారు అత్తగారు. "మూడోది మిగిలింది, తినేస్తున్నా."

మా ఆవిడని పట్టుకుని మెడ తడిమి చూశాను. బాగానే ఉంది. ఆ తర్వాత కోపం రావాలి కదా, రాలేదు. కళ్లనీళ్లు వచ్చాయి.

"అయ్యయ్యో, ఇంత భయపడతారనుకోలేదండీ," అంది ఆవిడ గాభరాగా. "అయినా మీరెలా నమ్మారు? నిజం ఎముక విరిగితే ఇంత చప్పుడు రాదు, ఇలా ఫటామని విరిగేది క్యారెట్ ఒక్కటేనని పెళ్లిచూపుల్లోనే చెప్పారుగా. బల్ల మీద కత్తి లేదని చూశారు, క్యారెట్లు లేవని చూడలేదా?"

చూడలేదు. లోకంలో ఆ చప్పుడు విని నమ్మకూడని మనిషి ఎవడైనా ఉన్నాడంటే వాణ్ణి నేనే. నేనే నమ్మాను.

"మరి కిర్రు?"

అత్తగారు తోలు సంచి మెలిపెట్టారు. కిర్రుమంది. "మీరు నేర్పిందే నాయనా."

"సరే, పైన నడిచింది నేనేనని ఎలా తెలిసింది?" అని తేలుకుట్టిన దొంగలా అడిగాను.

మా ఆవిడ క్యారెట్లు పక్కన పెట్టింది. "మీ ఎడమ కాలు ఒక్క క్షణం ఆలస్యంగా పడుతుందండీ. పదమూడేళ్లుగా ప్రతి సినిమాలో హీరో మీలాగే నడుస్తాడు. విలన్ కూడా మీలాగే నడుస్తాడు. ఒక సినిమాలో హీరోయిన్ హైహీల్స్ వేసుకుని అచ్చం మీలాగే మెట్లు దిగింది, నేను నవ్వాపుకోలేక చచ్చాను. కథలకేముంది, అన్నీ ఒకటే. నేను కళ్లు మూసుకుని మీరు ఎక్కడెక్కడ ఉన్నారో వింటూ కూర్చుంటాను. మీరు పక్కన రారు కదా మరి."

విచ్చుకున్న గొడుగుని మెల్లగా మూశాను.

"నాకు భయమని ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి సినిమా నుంచి. కడుపునొప్పి మనిషి రెండు పొట్లాలు పాప్‌కార్న్ తింటారా? రేపు వస్తున్నారా, మళ్లీ చెవి గుయ్‌మంటుందా?"

"తగ్గిపోయింది," అన్నాను.

ఆదివారం నన్ను ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టారు. అటు పారిపోకుండా ఆవిడ, ఇటు పారిపోకుండా వాళ్లమ్మ. ధైర్యానికి ఆ గొడుగు తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాను. దీపాలు ఆరిపోయాయి. అత్తగారు నా చెవిలో ముందే ఎవరెవరు పోతారో చెబుతున్నారు, ఒక్కరు కూడా తప్పలేదు. నేను కళ్లు మూసుకున్నాను. పక్కకి ఒక కన్ను తెరిచి చూస్తే మా ఆవిడ కూడా కళ్లు మూసుకునే ఉంది. నా చెయ్యి పట్టుకుని, "ఇది మీరే," అంది. కాసేపాగి, "ఇదీ మీరే," అంది. భయం తగ్గలేదు. కానీ అక్కడి నుంచి లేవాలని అనిపించలేదు.

క్లైమాక్సులో హీరో విలన్ మెడ పట్టుకున్నాడు. ఏం జరగబోతోందో నాకు తెలుసు. రెండు క్యారెట్లు, మార్చి నెలలో ఒక మంగళవారం విరిచాను. అయినా ఫటామనగానే హాలంతా అదిరేలా కెవ్వుమని అరిచాను.

ముందు సీటాయన చిరాగ్గా వెనక్కి తిరిగాడు. "అంత భయమైతే సినిమాకెందుకొస్తారండీ?"

"ఆ మెడ విరిచింది ఈయనేనండీ," అంది మా ఆవిడ ఎంతో గర్వంగా.

ఆయన నన్నూ, నా ఒళ్లో ఉన్న గొడుగునీ ఎగాదిగా చూశాడు. తర్వాత పెళ్లాం చెయ్యి పట్టుకుని వెళ్లి నాలుగు వరసల అవతల కూర్చున్నాడు.